నాలుగు శాఖలు, నాలుగు కాగితాలు, ఒకే చెరువు



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. హైదరాబాదు శివార్లలో ఇప్పుడు ఇల్లు కట్టడం తర్వాతి మాట. కొంటున్న స్థలం గట్టు మీద ఉందో, చెరువు కడుపులో ఉందో తెలుసుకోవడమే పెద్ద పని. మార్చి నెలలో వెళ్లి చూస్తే ఏముంటుంది? చదును చేసిన నేల, మూలమూలనా పాతిన రాళ్లు, మధ్యలో మొరం పోసిన దారి, చెయ్యి చాపి "ముప్పై ఫీట్ల రోడ్డు సార్, తూర్పు ముఖం" అని చూపించే ఏజెంటు. ఆ నేలకూ నీళ్లకూ ఉన్న చుట్టరికం ఆగస్టు దాకా బయటపడదు.

ఆ ప్లాటు కాగితాలు ఒకసారి తిరగేద్దాం. రిజిస్ట్రేషన్ శాఖ సేల్ డీడ్ ఇచ్చింది, ఈసీ తీస్తే శుభ్రంగా ఉంది. మున్సిపాలిటీ ఇంటికి అనుమతి ఇచ్చింది, ఆస్తిపన్ను కూడా వేసింది. విద్యుత్ సంస్థ మీటరు పెట్టింది. నాలుగో కాగితం నీటిపారుదల శాఖది. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే గీత అందులో ఉంటుంది. మనం పేపర్లలో రోజూ చదివే ఎఫ్‌టీఎల్ ఆ గీతే. ప్లాటు ఆ గీతకు లోపల ఉంది. ఈ నాలుగింట్లో దొంగ కాగితం ఒక్కటీ లేదు. ఎవరి బీరువాలో వాళ్ల కాగితం నిజమే. నాలుగింటినీ తెచ్చి ఒకే బల్ల మీద పరిచి చూసిన మనిషే లేడు.

ప్రభుత్వం తన దగ్గరున్న లెక్కలను జనానికి తెరిచిపెట్టడం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. దాన్ని ఓపెన్ డేటా అంటున్నారు. నా మటుకు నాకు అది పైన చెప్పిన ఆ బల్ల.

దీని చరిత్ర పెద్దదేం కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం మనందరికీ తెలుసు. దరఖాస్తు పెట్టి అడిగితే ఇవ్వాలన్నది తెలిసిన సంగతి. అసలు అడగకముందే తమంతట తాము ప్రచురించాలని నాలుగో సెక్షన్ చెబుతుంది, అది చాలామంది చదవరు. 2009 మేలో అమెరికా ప్రభుత్వం తన డేటా పోర్టల్ తెరిచింది. 2010 జనవరిలో బ్రిటన్ తెరిచింది. మన కేంద్ర ప్రభుత్వం 2012లో ఒక విధానం ప్రకటించి, అదే ఏడాది డేటా డాట్ గవ్ డాట్ ఇన్ మొదలుపెట్టింది. తెలంగాణ 2016లో సొంతంగా ఓపెన్ డేటా విధానం తెచ్చి, సొంత పోర్టల్ పెట్టుకుంది. వీటన్నిటి వెనకా ఉన్న నియమం ఒకటే. ఎవరైనా సరే, పైసా కట్టకుండా, ఎవరి అనుమతీ అడగకుండా ఆ లెక్కలను దించుకోవచ్చు, కూడవచ్చు, తీసివేయవచ్చు, తన పనికి వాడుకోవచ్చు. తెర మీద కనిపించినంత మాత్రాన అది ఓపెన్ డేటా కాదు. లెక్క వేసుకోవడానికి వీలుండాలి.

మళ్లీ చెరువుల దగ్గరికి వద్దాం. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ, హెచ్ఎండీఏ, తన పరిధిలోని దాదాపు మూడు వేల చెరువులకు ఒక వెబ్‌సైటు నడుపుతోంది. ఒక్కో చెరువుకు ఒక ఐడీ నంబరు, ఎఫ్‌టీఎల్ పటం, నోటిఫికేషన్ ఏ దశలో ఉందన్న వివరం అందులో చూడవచ్చు. ఇది మంచి పని, మంచిదని చెప్పాలి. చిక్కల్లా ఆ పటాలు పీడీఎఫ్ కాగితాలుగా ఉండటం. "ఫలానా మండలం, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు ఏ చెరువు గీతలోనైనా పడుతుందా?" అన్నది కొనేవాడి ప్రశ్న. దానికి జవాబు కావాలంటే ముందు ఆ చెరువు పేరు తెలియాలి. ఊరికి కొత్తగా వచ్చినవాడికి, అదీ ప్లాట్లుగా మారిన చెరువు పేరు, ఏం తెలుస్తుంది? అవే గీతలను కంప్యూటరు చదవగల పటం పొరలుగా ఇస్తే కథ వేరు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో సర్వే నంబరు కొట్టగానే "ఇది చెరువులో ఉంది" అని కంప్యూటరే చెప్పగలదు. బ్యాంకు చూసుకోగలదు. మీ అబ్బాయి ఫోనులో చూసుకోగలడు.

గీత లోపల ఉంటేనే తంటా అనుకోకండి. బఫర్ జోన్ అని ఇంకొకటుంది. పది హెక్టార్లకు తగ్గని చెరువైతే దాని హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఈ గీతలన్నీ ఒక్కసారిగా ఇంటింటి మాటలయ్యాయి. కూల్చిన కట్టడాల్లో కొన్నింటికి అనుమతులున్నాయని, బ్యాంకు అప్పు తీసుకుని కొన్నామని యజమానులు మొత్తుకున్నారు. చెరువును కాపాడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ జేసీబీ వచ్చేనాటికి కాదు, అడ్వాన్సు ఇచ్చేనాటికి ఆ గీత కొనేవాడి కంటబడాలి.

లెక్క తీయడం ఈ నగరానికి కొత్త విద్యేమీ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వచ్చీ రాగానే ఆనకట్ట గీతలు గీయలేదు. ఎక్కడెక్కడ ఎంత వాన పడిందో వివరాలు రాబట్టారు. పరీవాహక ప్రాంతంలో చెరువులను లెక్కబెట్టించారు. 788 చెరువులు తేలాయి. వాటిలో 221 తెగాయని తేలింది. పైనున్న చెరువు తెగి కింది చెరువు మీద పడటంతో వరద ఎలా ముదిరిందో ఆ లెక్కలోంచే అర్థమైంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ తర్వాత పుట్టాయి. ఆయన నివేదికను అచ్చువేశారు గనుకే వందేళ్లు దాటాక కూడా ఆ రెండు అంకెలు మనకు దొరుకుతున్నాయి. అచ్చువేయడమే ఆ కాలపు ఓపెన్ డేటా.

ఇప్పటి వానకు వద్దాం. 2020 అక్టోబరు 13న హైదరాబాదును ముంచిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. బేగంపేటలోని వాతావరణ కేంద్రంలో 19 సెంటీమీటర్లు నమోదైంది. అదే వానకు ఘట్‌కేసర్ వైపు రాష్ట్ర ప్రణాళికా సంస్థ ఆటోమేటిక్ కేంద్రంలో 32 సెంటీమీటర్లు దాటింది. నగరం ఒకటే, వాన ఒకటే, తేడా 13 సెంటీమీటర్లు. అంతకుముందు 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. దశాబ్దాలపాటు హైదరాబాదు వాన అంటే బేగంపేట వానే. ఇప్పుడు నగరంలోనే పదుల సంఖ్యలో కేంద్రాలున్నాయి. నిన్న ఏ సర్కిల్‌లో ఎంత పడిందో పొద్దున్నే తెలిసిపోతుంది.

అయితే నాలా ఎంత వెడల్పు ఉండాలో లెక్కవేసే ఇంజనీరుకు రోజు మొత్తం పడిన వానతో పని తక్కువ. గంటలో ఎంత పడింది, పావుగంటలో ఎంత పడింది అన్నది కావాలి. ఈరోజుదీ నిన్నదీ చూపిస్తే చాలదు, ఇన్నేళ్లదీ ఒక్కచోట ఒక్క ఫైలుగా దొరకాలి. అది దొరికితే ఈ నగరంలో ఉన్న ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆఖరి సంవత్సరం పిల్లలు కొనుక్కొచ్చిన ప్రాజెక్టులు మానేసి, తమ బస్తీ నాలా మీద పని చేయవచ్చు. ఇది ఎగతాళిగా అనడం లేదు. అమీర్‌పేటలో ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు మనం చూడనివా?

విజయవాడ వాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ ఏరు పాత దారి ఎటు, ఏ కాలనీ ఎంత పల్లంలో ఉంది అన్న ఎత్తుపల్లాల పటం ఇల్లు కట్టుకునేవాడికి ముందే అంది ఉంటే, కనీసం పునాది ఎంత లేపాలో అయినా తెలిసేది.

పెరిగే నగరంతో ఇంకో పేచీ ఉంది. దేన్ని లెక్కించాలన్నా ముందు ఇక్కడ ఎంతమంది ఉన్నారో తెలియాలి. అది మనకు తెలియదు. చివరి జనగణన 2011లో జరిగింది. అప్పటికి మణికొండ ఒక గ్రామ పంచాయతీ. 2021లో జరగాల్సిన లెక్క కోవిడ్ పేరుతో వాయిదా పడింది. ఈలోగా మణికొండ, నార్సింగి, బాచుపల్లి, నిజాంపేట ఎలా మారాయో మీరే చూస్తున్నారు. తలసరి నీళ్లు, తలసరి చెత్త, ఇన్ని వేలమందికి ఒక బస్తీ దవాఖానా అని మనం చెప్పుకునే ప్రతి లెక్కలోనూ కింద వేసే అంకె పాతది. రాష్ట్రాలకు నిధులు పంచిన 15వ ఆర్థిక సంఘమూ 2011 జనాభానే తీసుకుంది. పాత అంకెతో భాగిస్తే వచ్చే సగటు ఎప్పుడూ అందంగానే ఉంటుంది. బిందె పట్టుకుని ట్యాంకరు ముందు నిలబడ్డ మనిషికే ఆ అందం కనిపించదు.

మరి దారి లేదా? ఉంది, అదీ మన దగ్గరే ఉంది. తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో నాకు బాగా నచ్చిన పట్టిక ఒకటి చెబుతాను. అది విద్యుత్ వాడకం పట్టిక. సర్కిల్, డివిజన్, సబ్‌డివిజన్, సెక్షన్, చివరికి ఏరియా దాకా వెళ్లి, ఎన్ని కనెక్షన్లు ఉన్నాయి, వాటిలో ఎన్నింటికి బిల్లు వేశారు, ఎన్ని యూనిట్లు కాలాయి అని నెలనెలా చూపిస్తుంది. ఎవరూ జనాభా కోసం తయారుచేసింది కాదు. బిల్లుల కోసం ఎలాగూ రాసుకునే లెక్కను బయట పెట్టారు, అంతే. కానీ ఒక ఏరియాలో మూడేళ్లలో ఇళ్ల కనెక్షన్లు రెట్టింపయ్యాయంటే అక్కడికి జనం వచ్చినట్టే. అక్కడ మంచినీటి పైపు, డ్రైనేజీ, బడి, బస్సు కూడా పెరిగాయా అని అడగడానికి ఆ పట్టిక చాలు. చెరువు పటం పక్కన అదే పట్టిక పెట్టి చూస్తే, ఏ చెరువు చుట్టూ ఎప్పటి నుంచి మీటర్లు బిగుస్తూ వస్తున్నాయో కూడా తేలుతుంది.

ఇందులోనూ లొసుగులున్నాయి. పెట్టుబడికి కొని తాళం వేసిన ఫ్లాటుకూ మీటరు ఉంటుంది. అమీర్‌పేట హాస్టల్లో ఒక్క మీటరు కింద అరవైమంది పిల్లలుంటారు. అందుకే ఒక్క శాఖ లెక్కతో పని జరగదు. నీటి కనెక్షన్లు, ఆస్తిపన్ను, బడి హాజరు పక్కపక్కన పెట్టాలి.

పక్కపక్కన పెట్టబోతే అక్కడ ఇంకో ముడి. ఏ శాఖ నగరం ఆ శాఖదే. మున్సిపాలిటీకి వార్డు. జలమండలికి డివిజన్. కరెంటు వాళ్లకు సెక్షన్. పోలీసులకు స్టేషను పరిధి. రెవెన్యూకు మండలం. ఓట్లకు పోలింగ్ బూతు. ఇందులో ఏ రెండు హద్దులూ కలవవు. మీ ఇంటి ముందు డెంగీ కేసు ఒక పరిధిలో లెక్కకొస్తుంది, ఎదురుగా ఆగిన మురుగునీరు ఇంకో పరిధిలో లెక్కకొస్తుంది. రెంటికీ సంబంధం ఉందని దోమకు తెలుసు, ఫైలుకు తెలియదు. పైగా హద్దులు నిలకడగా ఉంటే కదా! 2007లో 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు. 2025 చివర్లో మరో 27 శివారు మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను కలిపి వార్డులను కొత్తగా గీశారు. గీసిన ప్రతిసారీ నిన్నటి వార్డు లెక్క ఇవాళ్టి వార్డుకు పనికిరాదు. కొత్త హద్దుల పటంతోపాటు పాత హద్దుల పటాన్నీ పోర్టల్‌లో ఉంచితే ఈ ముడి సగం విడిపోతుంది. ఖర్చులేని పని ఇది. ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

సముద్రాలవతల ఒక సంగతి చెబుతాను, వినడానికి సరదాగా ఉంటుంది. న్యూయార్క్ నగరం 2012లో ఓపెన్ డేటాకు ఏకంగా చట్టమే చేసింది. పార్కింగ్ చలానాల పట్టిక కూడా అందరికీ అందుబాటులోకి వచ్చింది. బెన్ వెల్లింగ్టన్ అని, గణాంకశాస్త్రం పాఠాలు చెప్పే ఒక ఉపాధ్యాయుడు 2014లో ఆ పట్టిక ముందేసుకుని కూర్చున్నాడు. అక్కడ వీధి పక్కన అగ్నిమాపక దళం గొట్టం తగిలించుకునే హైడ్రెంటుకు 15 అడుగుల లోపు బండి ఆపకూడదు. ఏ హైడ్రెంటు దగ్గర ఎక్కువ చలానాలు పడుతున్నాయో చూస్తే, ఒక్కదాని దగ్గరే ఏడాదికి దాదాపు 33 వేల డాలర్లు వసూలవుతున్నాయి. సంగతేమిటని చూస్తే, రోడ్డుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సైకిళ్ల దారి వేశారు. హైడ్రెంటు అటుపక్క ఉండిపోయింది. ఇటుపక్క రోడ్డు మీదేమో బండి ఆపుకోవచ్చన్నట్టు గీతలు గీసి ఉన్నాయి. ఒక శాఖ ఆపుకోమని గీత గీసింది, ఇంకో శాఖ ఆపినందుకు చలానా రాసింది. ఆయన రాసిన కొన్నాళ్లకు నగరం వాళ్లు వచ్చి గీతలు మార్చారు.

2016లో ఆయనే ఇంకోటి పట్టుకున్నాడు. పార్కింగ్ నిబంధన ఒకటి మారాక న్యాయంగా ఆపుకోదగ్గ కొన్ని చోట్ల కూడా పోలీసులు ఏళ్ల తరబడి చలానాలు రాస్తూనే ఉన్నారు. ఈసారి పోలీసు శాఖ పొరపాటు ఒప్పుకుంది, సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇచ్చింది. డేటా బయట ఉండటం వల్లే ఇది తెలిసిందని కూడా అంది. అక్కడి పోలీసుల్లో దుర్మార్గులెవరూ దొరకలేదు ఈ కథలో. లోపల ఉన్నవాళ్లెవరూ ఆ రెండు కాగితాలూ ఒకచోట పెట్టి చూడలేదు, అంతే. బయటివాడికి తీరిక ఉంది, చూశాడు. మన ట్రాఫిక్ చలానాల పట్టికను, బండి నంబర్లు తీసేసి, ఏ కూడలిలో ఏ తప్పుకు ఎన్ని అని బయట పెడితే ఎన్ని కూడళ్ల బండారం బయటపడుతుందో!

బండి నంబర్లు తీసేసి అన్నాను చూశారా, ఆ మాట తేలిగ్గా అనలేదు. అదే న్యూయార్క్‌లో 2014లో ట్యాక్సీ ప్రయాణాల డేటా బయటికొచ్చింది, 17 కోట్లకు పైగా ప్రయాణాలు. ట్యాక్సీ నంబర్లు ఎవరికీ తెలియకుండా సంకేతాలుగా మార్చి ఇచ్చామనుకున్నారు. ఆ సంకేతాలను ఒక ప్రోగ్రామరు గంటల్లో విప్పేశాడు. ఆ తర్వాత ఏ సినిమా తార ఏ రోజు ఎక్కడ ట్యాక్సీ ఎక్కి ఎక్కడ దిగిందో ఫొటోలతో సరిపోల్చి చెప్పేశారు. తెరిచిపెట్టాల్సింది ప్రభుత్వం చేసిన పని. మనిషి బతుకును కాదు. ఈ రెండింటి మధ్య గీత గీయడం కష్టమే. కానీ మన దగ్గర భయం తలకిందులుగా ఉంది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని మినహాయింపును మార్చి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో దరఖాస్తును తోసిపుచ్చే వీలు కల్పించింది. కాంట్రాక్టరు పేరూ వ్యక్తిగతమే అంటే రోడ్డు ఎవరు వేశారో ఎవర్ని అడగాలి? అడిగినవాళ్లను పక్కన పెట్టడానికి ఈ చట్టాన్ని వాడుకోకుండా ఉంటారని నమ్మకం నాకు లేదు.

ఇక పోర్టళ్ల గురించి ఉన్నమాట చెప్పాలి. ప్రారంభోత్సవం నాడు ఉన్న ఉత్సాహం తర్వాత ఉండదు. నాలుగేళ్ల కిందటి పట్టిక కింద తాజా అని రాసి ఉంటుంది. కంప్యూటర్లో తయారైన చక్కటి ఎక్సెల్ షీటును ప్రింటు తీసి, దాని మీద సంతకం పెట్టి, ముద్ర వేసి, స్కాన్ చేసి ఎక్కిస్తారు. సంతకం స్పష్టంగా కనిపిస్తుంది, లెక్క కనిపించదు. ఒకే ఊరి పేరు ఒక షీటులో ఒక రకంగా, ఇంకో షీటులో ఇంకో రకంగా ఇంగ్లీషులో రాస్తారు. మనిషి పోల్చుకుంటాడు, కంప్యూటరు రెండు ఊళ్లనుకుంటుంది. ఇది డబ్బు లేక కాదు. ఆ పట్టికకు ఫలానా ఉద్యోగి బాధ్యుడు అని, ఫలానా తేదీకి మార్చాలి అని రాసి లేక. కొందరు అధికారులకు ఇంకో భయం కూడా ఉంది, తప్పులుంటే పేపరు వాళ్లు రాస్తారని. రాస్తారు, నిజమే. రాస్తేనే దిద్దుకోవడం మొదలవుతుంది.

కాబట్టి మీకు నా విన్నపం. ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వబోయే ముందు ఆ ఊరి చెరువుల పేర్లు అక్కడి ముసలివాళ్లను అడగండి, ఆ పేర్లతో ఎఫ్‌టీఎల్ పటం దింపి సర్వే నంబరు వెతకండి. దొరక్కపోతే దొరకలేదని ఆ శాఖకు రాసి పంపండి. ఓట్లకు వచ్చే కార్పొరేటరును రోడ్డు అడగండి, దాంతోపాటు వార్డు హద్దుల పటం, వార్డు ఖర్చుల పట్టిక, దాని మీద తేదీ అడగండి. 2027 ఫిబ్రవరిలో మళ్లీ జనగణన జరగాల్సి ఉంది. 2011లో సేకరించిన వలసల పట్టికల్లో కొన్ని బయటికి రావడానికి 2019 దాకా పట్టింది. ఎవరు ఎక్కడి నుంచి ఏ నగరానికి వచ్చారో చెప్పే పట్టికలు అవి. ఈసారి అంతకాలం ఆగనక్కర్లేదని, వార్డు లెక్కలు ముందు ఇమ్మని మీ ఎంపీకి ఇప్పుడే ఒక ఉత్తరం రాయండి.